చలికాలానికి దుంపలు ఇంట్లో దాచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. కార్తీకం వచ్చేసరికి కొండల మీద నుంచి సవర ఆడవాళ్ళు పెండలం, చేమ, అల్లం, పచ్చి పసుపు తట్టల్లో పెట్టుకుని సంతకు దిగుతారు. ధర తక్కువగా ఉన్న ఆ రెండు మూడు నెలల్లో కాస్త ఎక్కువ కొని, శివరాత్రి దాకా వాడుకోవడం మా ఇంట్లో అమ్మమ్మ నాటి నుంచీ ఉన్న అలవాటు. గుణుపురం, రాయగడ, బరంపురం, కొరాపుట్ వైపు ఉన్న మన తెలుగువాళ్ళు నన్ను తరచూ అడిగేవాటికి, నేను చేసి చూసుకున్న దాన్నిబట్టి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

మన దగ్గర మంచు గడ్డకట్టదు కదా, చలికాలానికి దాచుకోవాల్సిన పనేముంది?

చలి దేశాల్లో నేల గడ్డకడితే దుంప తవ్వడం కుదరదు, అందుకని వాళ్ళు దాచుకుంటారు. మన కారణం వేరు. ఈ కొండవారల్లో దుంపలు చాలావరకు అక్టోబరు చివరి నుంచి జనవరి లోపల ఒకేసారి వస్తాయి. తర్వాత సంతలో తగ్గిపోతాయి, ఉన్నవి ధర పెరుగుతాయి. పైగా దాచుకోవడానికి ఈ కాలమే మనకు అనువైనది. గాలిలో తేమ తగ్గుతుంది, రాత్రులు చల్లబడతాయి. శ్రావణంలో ఎంత జాగ్రత్తగా చూసినా కుళ్ళిపోయే కంద, మార్గశిరంలో వసారా మూల పడేసినా అలాగే ఉంటుంది.

కాబట్టి దుంప గడ్డకట్టకుండా కాపాడమని, నేలమాళిగ కట్టమని చెప్పే సలహాలు మనకు అక్కర్లేదు. మనం భయపడాల్సింది తేమకీ, మార్చి ఎండకీ.

ఇంకొక్క మాట ముందే చెప్పాలి, మిగతావన్నీ దీని మీదే ఆధారపడ్డాయి. తవ్విన తర్వాత కూడా దుంప బతికే ఉంటుంది. ఊపిరి తీస్తుంది, నీరు వదులుతుంది, కాలం వస్తే మొలకెత్తుతుంది. ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి పెడితే తన ఆవిరిలో తానే కుళ్ళిపోతుంది. గాలి మరీ తగిలితే వడలిపోతుంది. ఒక్కో దుంపకు ఎంత గాలి, ఎంత తడి కావాలో తెలిస్తే సగం పని అయినట్టే.

కంద అంటే ఏది? పక్కింటి ఒడియా ఆవిడ చెప్పేది ఒకటి, ఫోన్‌లో వీడియో చూపించేది ఇంకొకటి.

ఈ తికమక వల్ల దుంపలు నిజంగానే పాడవుతున్నాయి, అందుకే వివరంగా రాస్తున్నాను. మనం కంద అనేది పెద్ద గుండ్రటి, గరుకు తోలు దుంప. కంద బచ్చలి కూర చేసేది దానితోనే. ఒడియాలో దాన్ని ఓలుఅ అంటారు. ఒడియావాళ్ళు కందమూల అన్నారంటే అది మన చిలగడదుంప. తెలంగాణ వాళ్ళు కందగడ్డ అనేది కూడా చిలగడదుంపనే. మన చేమదుంప ఒడియావాళ్ళకు సారు. పెండలం వాళ్ళకు ఖంబ ఆలు.

వీడియోలో కందగడ్డ గురించి విని, ఆ పద్ధతి మన కందకు చేస్తే పొరపాటే. పేరు వినగానే నమ్మకండి, దుంప బొమ్మ చూసుకోండి.

దాచడానికి ఏవి బాగా పనికొస్తాయి?

కంద, పెండలం అన్నిటికన్నా నమ్మకమైనవి. గాయం లేనివైతే రెండు మూడు నెలలు నిలుస్తాయి. చిలగడదుంప, చేమ, అల్లం ఆ తర్వాత. క్యారెట్, బీట్‌రూట్ కొన్ని వారాలు. ముల్లంగి పది రోజులు దాటితే లోపల బెండులా అయిపోతుంది, దాన్ని దాచాలనే ఆలోచనే వద్దు. కర్రపెండలం అన్నిటికన్నా కష్టం, దాని సంగతి వేరుగా రాశాను.

సంతలో ఎలా ఏరుకోవాలి?

దాచుకోవడానికి కొనేటప్పుడు ఉదయాన్నే వెళ్ళి, కుప్పలోంచి మీరే ఏరుకోండి. గునపం దెబ్బ తగిలినవి, తోలు గీరుకుపోయినవి, ఒక చివర మెత్తబడ్డవి వద్దు. ఆ వారంలో వండేయడానికైతే దెబ్బ తగిలినవే అడగండి, తక్కువకిస్తారు. చిలగడదుంపకు చిన్న చిన్న నల్లటి బెజ్జాలుంటే అసలు తాకవద్దు, అది ముక్కుపురుగు. లోపల సొరంగాలు చేస్తుంది, దుంప చేదెక్కుతుంది, పక్కన ఉన్నవాటికీ పాకుతుంది. అల్లం అయితే చిటికెన వేలంత లేత కొమ్ములు కాకుండా ముదురు, తోలు గట్టిపడ్డ ముక్కలు తీసుకోండి.

అమ్మే ఆవిడను ఎప్పుడు తవ్వారని అడగండి. మా సంతలో అడిగితే దాపరికం లేకుండా చెబుతారు. నిన్న తవ్విందీ, వారం క్రితం తవ్విందీ దాచే పద్ధతిలో తేడా ఉంటుంది.

ఇంటికి తెచ్చాక కడగాలా?

వద్దు. అంటిన మట్టి ఆరనిచ్చి, చేత్తో దులిపితే చాలు. పీచుతో తోమి కడిగిన దుంపకు తోలు పైపొర పోతుంది, తడి కన్నుల్లో, అంటే మొలక వచ్చే గుంటల్లో, నిలుస్తుంది. వండే రోజున కడుక్కోవచ్చు. ఇది చాలామందికి మనసొప్పని సలహా అని తెలుసు, మట్టి దుంపలు ఇంట్లోకి ఎలా తెస్తామంటారు. పెరటి వసారాలోనో, బాల్కనీలోనో పెట్టుకోండి.

ఆరబెట్టమంటారు కదా, ఎండలోనా నీడలోనా? ఎన్ని రోజులు?

నీడలో. ఎండ తగిలితే తోలు కాలిపోతుంది, బంగాళాదుంప అయితే పచ్చబడుతుంది. కంద, పెండలం, చేమలను గోనె పరిచి, ఒకదానికొకటి తగలకుండా నాలుగైదు రోజులు గాలికి ఉంచండి. తవ్వేటప్పుడు తగిలిన చిన్న చిన్న గాయాలు ఈ రోజుల్లో ఎండి, పైన గట్టి పొర కడతాయి. అది కట్టాకే దుంపకు కాపుదల.

చిలగడదుంపకు మాత్రం వెచ్చదనం, తేమ రెండూ కావాలి. 30 డిగ్రీల వేడి, ఎనభై ఐదు, తొంభై శాతం తేమ ఉన్నచోట వారం రోజుల లోపే దాని తోలు గట్టిపడి, తీపి కూడా పెరుగుతుందని దుంపల శాస్త్రం చెబుతుంది. ఇంట్లో అంత కొలతగా కుదరదు. నేను వంటింట్లో పొయ్యికి దగ్గరగా గంపలో పెట్టి, నీళ్ళు చిలకరించి బాగా పిండిన గోనెగుడ్డ పైన కప్పుతాను, దుంపకు తగలకుండా. వారం తర్వాత అక్కడి నుంచి తీసి పొడి చోటికి మారుస్తాను. ఆ వారం ఓపిక పట్టిన దుంపకూ, పట్టని దుంపకూ తేడా ఒకసారి తింటే మీకే తెలుస్తుంది.

ఇసుకలో పాతర ఎలా వేయాలి?

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పద్ధతి ఇదే. పెద్ద మట్టి కుండ గానీ, పగిలి మూలన పడ్డ సిమెంటు గాబు గానీ, చెక్క పెట్టె గానీ తీసుకోండి. మేం మహేంద్రతనయ ఇసుక వాడతాం. గుణుపురం వాళ్ళకు వంశధార ఇసుక, రాయగడ వాళ్ళకు నాగావళి ఇసుక ఉండనే ఉన్నాయి. ఇసుక జల్లించి, రెండు రోజులు మంచి ఎండలో పరిచి, పూర్తిగా చల్లారనివ్వండి. వేడి ఇసుకలో దుంపలు పెడితే లోపల ఉడికినట్టై పాడవుతాయి. తొందరలో నేను ఒకసారి మధ్యాహ్నం ఎండలోంచి ఎత్తిన ఇసుకనే పోసేశాను, నాలుగు కిలోల చేమ పోయింది.

అడుగున నాలుగు వేళ్ళ మందం ఇసుక, దాని మీద దుంపలు తగలకుండా ఒక వరస, మళ్ళీ ఇసుక, మళ్ళీ వరస. పైన మాత్రం అరచేతి ఎత్తు ఇసుక ఉండాలి. పెద్దవి అడుగున, చిన్నవి పైన పెట్టండి, ఎందుకంటే చిన్నవే ముందు వాడాలి.

ఇసుక తడి ఎంత అన్న దగ్గరే అందరూ తప్పటడుగు వేస్తారు. కంద, పెండలం, చిలగడదుంపలకు ఇసుక పొడిగానే ఉండాలి. అల్లం, క్యారెట్, బీట్‌రూట్‌లకు కొద్దిపాటి తడి కావాలి: పిడికిట్లో నొక్కితే ముద్దగా నిలవాలి, చెయ్యి తడవకూడదు. చేమ ఈ రెండిటికీ మధ్యస్థం, నేను పొడి ఇసుకలోనే పెట్టి, పది రోజులకొకసారి పై ఇసుక మీద చారెడు నీళ్ళు చిలకరిస్తాను. అలా చేస్తే నెలన్నర, రెండు నెలలు వడలకుండా ఉంటుంది.

ఆ కుండను ఇంటికి ఉత్తరం వైపు, ఎండ తగలని చోట, నేల మీద కాకుండా రెండు ఇటుకల మీద పెట్టండి. సిమెంటు గచ్చు రాత్రిపూట చెమ్మగిల్లుతుంది.

మాది అద్దె వాటా, పెరడు లేదు. ఇసుక ఎక్కడ పోసుకుంటాం?

బకెట్‌లో అయినా సరే. పాత పెయింట్ డబ్బాలు మాత్రం వద్దు, ఎంత కడిగినా వాసన ఉంటుంది. ఇసుకే వద్దనుకుంటే బాగా ఎండిన ఊకలో గానీ, రంపపు పొట్టులో గానీ పెట్టుకోవచ్చు. అదీ కుదరకపోతే వెదురు గంపలో వార్తాపత్రిక పరిచి, ఒక్క వరసే పేర్చి మంచం కింద పెట్టండి. అటక మాత్రం వద్దు. స్లాబు వేడి మధ్యాహ్నమంతా అక్కడే నిలుస్తుంది.

ఉల్లికీ వెల్లుల్లికీ పూర్వం ఉట్టి ఉండేది. ఇప్పుడు ఉట్లు లేకపోయినా వల సంచిలో వేసి మేకుకు తగిలిస్తే అంతే పనిచేస్తుంది.

బంగాళాదుంపలు చలికాలంలో బస్తా కొని ఉంచుకోవచ్చా?

నా సలహా అడిగితే డిసెంబరులో బస్తా కొనకండి. అప్పుడు మార్కెట్లో రెండు రకాలు ఉంటాయి. ఒకటి కోల్డ్ స్టోరేజ్‌లో నెలల తరబడి ఉండి బయటికొచ్చిన పాత దుంప. చలి నుంచి బయటపడ్డ వెంటనే మొలకలు వేస్తుంది. రెండోది కొత్త దుంప, తోలు గోటితో గీరితే ఊడొస్తుంది. రుచి బాగుంటుంది, కానీ నిలవదు. దాచుకోవడానికి తగినది ఫిబ్రవరి, మార్చిలో ముదిరాక తవ్వే దుంప. తోలు మీద బొటనవేలు రుద్దినా ఊడదు.

అయినా కొందరు ఎందుకు కొంటున్నారో తెలుసు. ఒడిశాకు ఆలు ఎక్కువగా బెంగాల్ నుంచే వస్తుంది. 2024లో ఆ రాష్ట్రం బయటికి పంపడం ఆపినప్పుడు ఇక్కడ ధర ఎలా ఎగిరిందో మరచిపోలేం. ఆ టెన్షన్‌లో బస్తాలు ఎత్తుకెళ్ళి సగం పారేసినవాళ్ళను చూశాను. రెండు వారాలకు సరిపడా కొనుక్కోండి, మిగతా డబ్బు పెండలం మీద పెట్టండి.

కొన్నవాటిని చీకట్లో, గాలాడే చోట ఉంచండి. వెలుతురు తగిలితే తోలు పచ్చబడుతుంది. ఆ పచ్చదనంతోపాటే సోలనిన్ అనే విషం పెరుగుతుంది, ఉడికించినా పోదు. కొంచెం పచ్చబడితే ఆ మేర లోతుగా కోసి పారేయండి. ఎక్కువగా పచ్చబడినా, చేదుగా ఉన్నా దుంప మొత్తం పారేయండి. ఫ్రిజ్‌లో పెడితే పిండి చక్కెరగా మారి, కూర తియ్యగా అవుతుంది, వేపుడు నల్లబడుతుంది.

ఉల్లిపాయల పక్కన పెట్టకండి. ఆలు వదిలే చెమ్మకు ఉల్లి మొలకేస్తుంది, కుళ్ళుతుంది.

ఉల్లిపాయలు ఎందుకు నిలవడం లేదు? వేసవిలో కొన్నవి నిలిచాయి కదా?

చలికాలంలో వచ్చేది వానాకాలం పంట ఉల్లి. నీరెక్కువ, మెడ లావు, నిలవదు. ఏప్రిల్, మేలో తవ్వే రబీ ఉల్లి అయితే బాగా ఆరబెట్టుకుంటే నాలుగైదు నెలలు ఉంటుంది. ఇప్పుడు వారానికి సరిపడా కొనండి.

చిలగడదుంపలు ఫ్రిజ్‌లో పెట్టాం. ఉడికించినా నడిమధ్య గట్టిగా ఉంటోంది.

చలి దెబ్బ అది. చిలగడదుంప వేడి దేశపు పంట, పన్నెండు, పదమూడు డిగ్రీల కన్నా చల్లదనం దానికి పడదు. ఫ్రిజ్ లోపల నాలుగైదు డిగ్రీలుంటుంది. బయటే ఉంచండి. సెమిలిగూడ, పొట్టంగి వైపు ఉన్నవాళ్ళు మాత్రం పుష్యమాసపు రాత్రుల్లో బాల్కనీలో వదలకుండా ఇంట్లోకి తెచ్చుకోవాలి, అక్కడ పది డిగ్రీల లోపుకు దిగే రాత్రులు ఉంటాయి.

బూజు పట్టినవీ, పురుగు పట్టినవీ ఆవుకు పెట్టేస్తుంటారు. దయచేసి పెట్టకండి. అలాంటి చిలగడదుంపలో పుట్టే విషపదార్థాల వల్ల పశువులకు ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, ప్రాణాలే పోవచ్చు. గోతిలో పూడ్చేయండి.

ఐదు కిలోల కంద తెచ్చాం. కోశాక మిగిలింది ఏం చేయాలి?

కోసిన ముఖానికి పొడి పిడకల బూడిద దట్టంగా అద్ది, ఆ ముఖం పైకి వచ్చేలా గాలికి వదిలేయండి. ఒక రోజులో ఎండి పొర కడుతుంది. తర్వాత వండేటప్పుడు ఆ ఎండిన పొర పలచగా తీసేస్తే లోపల తాజాగానే ఉంటుంది. ఇలా వారం, పది రోజులు లాగవచ్చు. తడి గుడ్డ చుట్టడం, ప్లాస్టిక్ కవరులో పెట్టడం వద్దు, రెండు రోజుల్లో బూజు వస్తుంది.

కోయని కందనైతే ఒక్కొక్కటిగా, మొలక కన్ను పైకి ఉండేలా పెట్టండి. ఒకదాని మీద ఒకటి పేర్చకండి. దాచిన కందకు దురద తగ్గుతుందని మా అమ్మమ్మ అనేది, నాకూ అలాగే అనిపిస్తుంది. అయినా చింతపండు రసం మానకండి.

కర్రపెండలం రెండో రోజుకే లోపల నల్ల గీతలు పడుతోంది.

దాని స్వభావమే అంత. నేలలోంచి తీసిన రెండు మూడు రోజులకే లోపల నీలి, నల్ల చారలు వస్తాయి. పెరట్లో ఉంటే మొక్కతోనే వదిలేసి, కావలసినప్పుడు తవ్వుకోవడం ఉత్తమం. కొన్నది అయితే ఆ రోజే తోలు తీసి, ముక్కలు చేసి, నీళ్ళల్లో మునిగేలా ఫ్రిజ్‌లో పెట్టి, రోజూ నీళ్ళు మార్చండి, మూడు నాలుగు రోజులు ఉంటుంది. ఎక్కువ కాలం కావాలంటే ఉడికించి, ముక్కలు చేసి ఎండబెట్టాలి. పచ్చిగా తినకూడదు, దానిలో సయనైడు పుట్టించే పదార్థం ఉంటుంది. తోలు తీసి, నీళ్ళల్లో బాగా ఉడికించి, ఆ నీళ్ళు పారబోయాలి.

క్యారెట్, బీట్‌రూట్?

ఆకు తుంచేయండి, కాడ ఒక వేలి వెడల్పు ఉంచి. ఆకు ఉంటే దుంపలోని నీరంతా అదే లాగేస్తుంది. కాడ మొదలంటా కోస్తే బీట్‌రూట్ ఎరుపు కారిపోతుంది. ఇవి మాత్రం ఫ్రిజ్‌లో చక్కగా ఉంటాయి, గుడ్డ సంచిలో చుట్టి కింది అరలో పెట్టండి. అరటి గెల మాగుతున్న గదిలో క్యారెట్ పెట్టకండి. పండే పండు వదిలే వాయువుకు క్యారెట్ చేదెక్కుతుంది. వడలిన క్యారెట్‌ను చల్లటి నీళ్ళల్లో గంటసేపు వేస్తే తిరిగి గట్టిపడుతుంది, పారేయకండి.

అల్లం, పచ్చి పసుపు, వెల్లుల్లి?

అల్లం తడి ఇసుక కుండలో పెడితే శివరాత్రి దాకా వస్తుంది. మొలక వచ్చినా తినవచ్చు. మెత్తబడి వాసన వేసిన ముక్క కనపడితే మాత్రం ఆ కుండంతా తిరగేసి చూడండి, అది అంటుకుంటూ పోయే కుళ్ళు.

పచ్చి పసుపు నెల రోజులు అలాగే ఉంటుంది. ఎక్కువ కొంటే మెత్తబడేదాకా ముప్పావు గంట, గంట ఉడకబెట్టి, పది, పదిహేను రోజులు ఎండబెట్టి కొమ్ములు చేసుకోండి. విరిస్తే టక్కున చప్పుడు రావాలి.

వెల్లుల్లి తగిలించి ఉంచితే చాలు. పచ్చి రెబ్బలను నూనెలో వేసి బయట నిల్వ చేసే అలవాటు ఈ మధ్య వీడియోల్లో చూస్తున్నాను. ఉప్పూ పులుపూ లేని ఆ నూనెలో గాలి ఉండదు, బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే విషం తయారయ్యే ప్రమాదం ఉంది. ఆవకాయ సంగతి వేరు, దానిలో ఉప్పు, పులుపు కాపాడతాయి.

తేగలు దుంపల్లో లెక్కా?

శాస్త్రం ప్రకారం దుంప కాదు, తాటి టెంక నుంచి నేలలోకి దిగే మొలక. కానీ మన ఇళ్ళల్లో చలికాలం అంటే తేగలే, వాటిని వదిలి ఈ పేజీ రాయలేను. టెంకలు పాతర వేసిన వాళ్ళుంటే ఒక్కసారే తవ్వించకండి, వారానికి కావలసినన్ని తీయించుకోండి. నేలలో ఉన్నంత తాజాగా బయట ఎక్కడా ఉండవు. కట్ట కొన్నారనుకోండి, పై పొర ఒలవకుండా తడి ఇసుకలో నిలువుగా గుచ్చితే వారం, పది రోజులు ఉంటాయి. కాల్చినవి, ఉడికించినవి మూడో రోజుకు జిగురు వస్తాయి. మిగిలితే సన్నగా తరిగి ఎండబెట్టి పిండి చేసుకోవచ్చు.

ఎలుకలు, పందికొక్కులు?

ఇనుప వల మూత, దాని మీద బరువు. దీన్ని మించింది ఇంకొకటి నాకు దొరకలేదు. వేపాకు పురుగును కొంత ఆపుతుంది కానీ పందికొక్కును ఆపదు. తినే దుంపల దగ్గర ఎలుకల మందు పెట్టవద్దు.

తుఫాను హెచ్చరిక వస్తే ఏం చేయాలి?

మన జిల్లాలకు అక్టోబరు, నవంబరు నెలలే తుఫానుల కాలం, సరిగ్గా దుంపలు ఇంటికొచ్చే కాలం. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు మా కంద, చేమ గోనెల్లో నేల మీదే ఉన్నాయి. నీళ్ళు వసారాలోకి వచ్చాయి. రోజుల తరబడి కరెంటు లేదు, ఫ్రిజ్‌లోవీ పోయాయి. చివరికి తిండికి మిగిలింది, బల్ల మీద పెట్టిన పొడి ఇసుక కుండలోని పెండలం ఒక్కటే. ఆ వారమంతా మాకూ, పక్కింటివాళ్ళకూ అదే ఆధారం.

హెచ్చరిక రాగానే దుంపలన్నీ నడుమెత్తు పైకి చేర్చండి. ఇసుక కుండలకు మూత పెట్టి, పైన తార్పాలిన్ కట్టండి. వాన తగ్గిన గంటలోనే తీసేయాలి. తడిసిన దుంపలను తుడిచి ఫ్యాన్ కిందో, గాలి వచ్చే గుమ్మంలోనో ఆరబెట్టి, ముందుగా అవే వండుకోండి. వరదనీటిలో మునిగినవి తినకండి.

ఎన్నాళ్ళకొకసారి చూడాలి?

వారానికొకసారి, మా ఇంట్లో గురువారం. మార్గశిర గురువారాలకు ఇల్లంతా కడిగి ముగ్గేస్తాం కాబట్టి ఆ రోజే గంపలు కూడా చూసేస్తాం. ముందు ముక్కుతో చూడండి, కుళ్ళు కంటికి కనపడక ముందే వాసన తెలుస్తుంది.

ఎప్పటికల్లా ఖాళీ చేయాలి?

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. అప్పటి నుంచి ఇసుక కూడా వేడెక్కుతుంది. పెండలానికి, కందకు కన్ను ఉబ్బడం మొదలవుతుంది. మొలక వచ్చినకొద్దీ దుంపలోని పిండి తగ్గి పీచు మిగులుతుంది. తినాలనుకున్నవి ఫాల్గుణం లోపల తినేయండి.

మొలక ఉబ్బినవాటిలో గట్టివి, జబ్బు లేనివి నాలుగైదు విత్తనానికి పక్కన పెట్టండి. కందను కన్ను ఉండేలా ముక్కలు కోసి, పేడనీళ్ళల్లో ముంచి నీడలో ఆరబెట్టి, తొలకరికి ముందే పాతుకోవచ్చు. పెండలం తల వైపు ముక్క ముందు మొలుస్తుంది, దాన్నే ఎంచుకోండి. పెరడు లేకపోతే సంతలో మీకు అమ్మిన ఆవిడకే ఇవ్వండి. నాకు దుంపలు అమ్మే ఆవిడ పోయిన ఏడు నేనిచ్చిన ముక్కల నుంచి వచ్చిన పెండలమే ఈ కార్తీకంలో నాకు తెచ్చి చూపించింది.